చెవుల రోజు

శనివారం పొద్దున పదకొండు దాటింది. మాజీ సైనికుల పాలీక్లినిక్‌లో రద్దీ పలచబడింది. కౌంటర్ వెనక కూర్చుని స్రవంతి మందుల చీటీలకు స్టేప్లర్ కొట్టి కట్టలు పెడుతోంది. ఎదురుగా ఒక పెద్దామె వచ్చి నిలబడింది. అరవై ఏళ్లుంటాయి. గంజి పెట్టిన నూలు చీర, మెడలో నల్లతాడుకు చిన్న సిలువ, చేతిలో ప్లాస్టిక్ కవరు.

"బిడ్డా, చెవుల డాక్టరమ్మ ఎప్పుడొస్తది?"

"మంగళవారం, శుక్రవారం అమ్మా. ఇయ్యాల లేదు."

"అది నాకెరుకే. నిజంగ వచ్చేది ఎన్నడని అడుగుతున్న. రెండు వారాలాయె, వస్తలేదట గదా."

స్రవంతి చేతిలో స్టేప్లర్ ఆగింది. "ఎవరన్నరమ్మా? ఒక్కరోజు గూడ నాగా లేదు. నిన్న గూడ వచ్చింది."

"మా ఆయన అన్నడు. నాలుగుసార్లొచ్చిండు. నాలుగుసార్లూ ఇంటికొచ్చి డాక్టరమ్మ రాలేదనే చెప్పిండు."

ఆమె కవరులోంచి కార్డు తీసి ఇచ్చింది. హవల్దార్ ఇశ్రాయేలు, ఆర్టిలరీ. భార్య పేరు మాణిక్యమ్మ. ఉండేది కిషన్‌బాగ్. స్రవంతి రిజిస్టర్ తెరిచి నిన్నటి పేజీలో వేలు పెట్టింది. తొమ్మిదో నంబర్. పేరు పక్కన ఎర్ర సిరాతో 'ఆబ్సెంట్'. అంతకు ముందు మంగళవారం, ఆబ్సెంట్. ఆ ముందు శుక్రవారం, ఇంకా ముందు మంగళవారం, ఆబ్సెంట్. రాత తనదే.

"ఆయన రాలేదమ్మా. మూడుసార్లు పిలుస్తం. పలకకపోతేనే గిట్ల రాస్తం."

"రాలేదా?" మాణిక్యమ్మ గొంతు లేచింది. "నిన్న పొద్దుగాల ఐదింటికి లేచి గడ్డం చేసుకున్నడు. అంగీ నేనే ఇస్త్రీ చేసిన. బూట్లు తుడుసుకుని, రెండు ఆటోలు మారి ఇక్కడికొచ్చిండు. ఇదిగో చూడు."

చీటీ బల్లమీద పెట్టింది. నిన్నటి తేదీ ముద్ర, దాని కింద స్రవంతి పొట్టి సంతకం. ఎనిమిదింటికి తనే ఇచ్చిన చీటీ. పదింటికి తనే రాసిన ఆబ్సెంట్. ఇద్దరూ కాసేపు ఆ రెంటినీ పక్కపక్కన పెట్టుకుని చూశారు.

మాణిక్యమ్మకే ముందు అర్థమైంది. గొంతు తగ్గించి అడిగింది. "బిడ్డా, నువ్వు ఏడికెళ్లి పిలుస్తవు?"

"ఈడ కూసునే."

"నోటితోనా?"

స్రవంతి తల ఊపింది.

"పద్దెనిమిదేండ్లు ఫిరంగుల పక్కన నిలబడ్డోడమ్మా. నేను వంటింట్లకెళ్లి పిలిస్తే పలుకడు." మాణిక్యమ్మ కొంగుతో మెడ తుడుచుకుంది. "చార్మినార్ కాడ బట్టల గోదాముల వాచ్‌మన్ చేస్తడు. పోయిన నెల ట్రాలీ ఆటో ఎనకకు వస్తాంటె వినలే. గల్లీ మొత్తం ఒర్లుతనే ఉందట. మోచెయ్యి గీసుకపోయి ఊకుంది, దేవుని దయ. సేటు భయపడ్డడు. నెలాఖరు లోపట చెవికి మిషన్ పెట్టించుకో, లేకుంటె రాకు, నీ పాణం నా మీదికొస్తది అన్నడు. ఇగ వారం ఉంది."

"మరి నన్నొచ్చి అడగొచ్చు గదమ్మా, నా పేరు పిలిచినవా అని?"

"అడిగితే చెవిటోడంటరు. ఇంట్ల గూడ ఒప్పుకోడు. మీరే నోట్లె నోట్లె మాట్లాడుతున్నరంటడు." ఆమె కార్డు తీసుకుని కవరులో పెట్టుకుంది. "మంగళారం పంపుతా. జర చూడు బిడ్డా."

ఆమె వెళ్లాక స్రవంతి రిజిస్టర్ వెనక్కి తిప్పింది. కళ్ల డాక్టర్ వచ్చిన రోజు ముప్పై ఒక్కమందిలో ఇద్దరు ఆబ్సెంట్. పళ్ల రోజు ఒక్కరు. చెవుల రోజు ఇరవై ఆరుమందిలో పదకొండు. ఆ ముందు చెవుల రోజు తొమ్మిది. మూడేళ్లుగా ఆ కుర్చీలోనే ఉంది, ఎర్ర పెన్నూ తన చేతిలోనే ఉంది. ఆ అంకెలు ఇన్నాళ్లూ కంటికి ఆనలేదు.

ఇప్పుడు ఆ మనుషులు గుర్తొచ్చారు. హాల్లో చివరి వరస, ఫ్యాన్ కింద. మోకాళ్లమీద చేతులు పెట్టుకుని, వీపు ఆనించకుండా నిటారుగా కూర్చునేవాళ్లు. ఆమె ఏదో చల్లగాలికి కూర్చున్నారనుకునేది. ఒంటిగంటకు తాళాల చప్పుడు మొదలయ్యాక, గుమాస్తాలు లేవడం చూసి వాళ్లూ లేచేవాళ్లు. ఒకరి ముఖం ఒకరు చూసుకుని, చీటీ నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని, ఎవరినీ ఏమీ అడక్కుండా వెళ్లిపోయేవాళ్లు.

*

పిలిచే పద్ధతి మార్చడానికి కర్నల్ దీక్షిత్‌ను ముందే అడగాలా వద్దా అని ఆదివారమంతా ఆలోచించింది స్రవంతి. ఆయన క్లినిక్ ఇన్‌చార్జ్. రిటైరైన మనిషే అయినా ఆయన ఉన్న గది ముందు నుంచి నడిచేటప్పుడు చెప్పుల చప్పుడు కూడా తగ్గించుకునేవాళ్లు సిబ్బంది. చిన్నమాటకీ అరుస్తాడు. ఈ నెలతో స్రవంతి కాంట్రాక్ట్ అయిపోతుంది. పొడిగించే కాగితం ఆయన బల్లమీదే ఉంది. అడిగితే 'ప్రపోజల్ రాసి పెట్టు' అంటాడు. అది పైకి వెళ్లి కిందికి వచ్చేసరికి నెలాఖరు దాటుతుంది.

అడగలేదు.

సోమవారం స్టోరు గదిలో సెలైన్ సీసాలు వచ్చిన అట్టపెట్టెలు రెండు తీసుకుంది. కత్తెర దిగలేదు. ఆపరేషన్ బ్లేడు అడిగి తెచ్చి, స్కేలు పెట్టి కోసింది. అట్టకు ఒక్కోవైపు నల్ల మార్కరుతో జానెడు ఎత్తున ఒక్కో అంకె. ఒకటి నుంచి ముప్పై దాకా పదిహేను అట్టలు. ఒకదాన్ని కౌంటర్ మీద నిలబెట్టి, హాలు చివరి వరసలో కూర్చుని చూసింది. ఏడు, ఒకటిలా కనిపించింది. ఏడుకి నడుం మీద అడ్డగీత పెట్టి మళ్లీ వెళ్లి చూసింది.

మంగళవారం ఎనిమిదింటికి ఇశ్రాయేలు వచ్చాడు. సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. ఇస్త్రీ మడత భుజం నుంచి మోచెయ్యి దాకా కత్తిలా ఉంది. మోచెయ్యి దగ్గర గీరుకున్న మచ్చ ఇంకా నల్లగానే ఉంది. స్రవంతి చీటీ ఇస్తూ, "బాపూ, ఇయ్యాల పేరు పిలవను. నీ నంబర్..." అంటుండగానే ఆయన తల ఊపాడు. మాట సగంలో ఉంది, తల మాత్రం పూర్తిగా ఊగింది. ఎన్నిసార్లు ఈ తల ఊపడాన్ని చూసి 'అర్థమైంది' అనుకుందో!

చీటీ వెనక్కి తీసుకుని దాని వీపు మీద రాసింది: 'నోటితో పిలవను. ఈ నంబర్ అట్ట మీద చూపిస్తా. చూసి లేవండి.'

ఆయన అద్దాలు పెట్టుకుని చదివాడు. చదవడానికి పట్టే సమయం కంటే ఎక్కువసేపే చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి. చీటీ జేబులో పెట్టుకుని, "థాంక్యూ మేడం" అన్నాడు. హాలు మొత్తం తిరిగి చూసేంత గట్టిగా అన్నాడు.

తొమ్మిదింటికి చెవుల డాక్టరు విమలాదేవి వచ్చింది. స్రవంతి కౌంటర్ దాటి హాలు ముందుకు వెళ్లి ఒకటో నంబర్ అట్టను తలమీదికెత్తింది. మొదట ఎవరూ కదల్లేదు. ఆమెనేదో ఊరేగింపులో మనిషిని చూసినట్టు చూశారు. ముందు వరసలో ఒకాయన తన చీటీ చూసుకున్నాడు, అట్ట చూశాడు, మళ్లీ చీటీ చూసుకుని, "నాదే!" అంటూ లేచాడు. ఆ తర్వాత చెప్పాల్సిన పని లేకపోయింది. నాలుగో నంబర్ వచ్చేసరికి చివరి వరస మొత్తం చీటీలు చేతుల్లో పట్టుకుని మెడలు చాపి కూర్చుంది.

తొమ్మిదో నంబరుకు ఇశ్రాయేలు ఒక్కసారే లేచి నిలబడ్డాడు. గది తలుపు అద్దంలోంచి స్రవంతి చూసింది. చెవులకు హెడ్‌ఫోన్లు, చేతిలో బటన్. శబ్దం వినిపించినప్పుడల్లా నొక్కాలి. ఆయన నిటారుగా కూర్చుని, గోడ వైపు చూస్తూ, బొటనవేలు బటన్ మీదే ఉంచి ఎదురుచూస్తున్నాడు. డాక్టరమ్మ మిషన్ మీద మీట తిప్పుతూనే ఉంది. బొటనవేలు కదల్లేదు. మీట చాలా దూరం తిరిగాక ఒక్కసారి నొక్కాడు. నొక్కి, సరిగ్గా చేశానా అన్నట్టు ఆమె ముఖం చూశాడు.

ఆ రోజు ఇరవై ఏడుమందికీ ఇరవై ఏడుమంది గదిలోకి వెళ్లారు. ఒంటిగంటకు ఇంకా పదకొండుమంది ఉన్నారు. మందుల కిటికీ దగ్గరాయన విసుక్కున్నాడు. స్టాఫ్ వ్యాన్ డ్రైవర్ రెండుసార్లు హారన్ కొట్టాడు. డాక్టరమ్మ తలుపు తీసి, "ఏంటమ్మా స్రవంతీ, ఇవాళ ఊరంతా వచ్చిందా?" అంది.

"రోజూ వచ్చేటోళ్లే మేడం."

విమలాదేవి హాలు వంక చూసింది, అట్ట వంక చూసింది. టిఫిన్ డబ్బా మూత మళ్లీ పెట్టేసి, "తర్వాతి నంబర్ పంపు" అని లోపలికి వెళ్లింది.

రెండున్నరకు కర్నల్ దీక్షిత్ గది తలుపు తెరుచుకుంది. ఆయన గుమ్మంలో నిలబడి, అట్ట ఎత్తి పట్టుకున్న స్రవంతిని ఒక నిమిషంపాటు చూశాడు. ఏమీ అనకుండా తలుపు వేసుకున్నాడు. అరవకపోవడమే ఆమెను ఎక్కువ భయపెట్టింది.

అన్నిటికంటే చివర, చెవికి పెట్టుకుని చూడమని ట్రయల్ మిషన్లు ఇచ్చే పని మిగిలింది. ఇశ్రాయేలు దాని కోసం అప్పటిదాకా ఆగాడు. డాక్టరమ్మ ఆయన కుడిచెవి వెనక బఠానీ గింజంత మిషన్ అమర్చి మీట తిప్పింది. ఆయన ఉలిక్కిపడి పైకి చూశాడు.

"గదేందమ్మా, ఆ ఫ్యాను గట్ల ఒర్లుతుంది?"

"ఆ ఫ్యాను ఎప్పుడూ అట్లనే ఉంటదండీ," అంది విమలాదేవి. "శుక్రవారం దాకా పెట్టుకుని తిరగండి. సరిపడితే అదే మోడల్ రాస్తాను."

*

బుధవారం పొద్దున కౌంటర్ మీద మెమో ఉంది. అనుమతి లేకుండా కౌంటర్ వదిలి హాల్లో తిరిగినందుకు, ఓపీ సమయం రెండు గంటలు దాటించినందుకు సంజాయిషీ ఇవ్వాలి. పదకొండింటికి ఇన్‌చార్జ్ గదికి రావాలి.

స్రవంతి రిజిస్టర్ చంకలో పెట్టుకుని వెళ్లింది. దగ్గు పేషెంట్ల రోజు కాబట్టి మాస్క్ ఉంది.

"మాస్క్ తియ్యి!" కర్నల్ గొంతు కిటికీ అద్దాలకు తగిలింది. "నా గదిలో మాస్కులు వద్దని ఎన్నిసార్లు చెప్పాలి? అందరూ లోపల్లోపల గొణుగుతారు!"

ఆమె మాస్క్ కిందికి లాగింది. ఆ రూల్ అందరికీ తెలుసు. ఆఫీసరు ముందు ముఖం దాచుకోకూడదని కాబోలు అనుకునేవాళ్లు.

"ఎవరు పర్మిషన్ ఇచ్చారు నీకు? ఇది మిలిటరీ సంస్థ, కూరగాయల మార్కెట్ కాదు. డిసిప్లిన్ కావాలి. డ్రైవర్ కంప్లెయింట్, ఫార్మసీ కంప్లెయింట్. నీ రెన్యువల్ ఇక్కడుంది, తెలుసా?" అని బల్లమీది ఫైలు తట్టాడు.

"తెలుసు సార్. ఒక్కసారి ఈ రిజిస్టర్ చూడండి సార్." ఆమె తల వంచి పేజీలు తిప్పుతూ చెప్పసాగింది. "చెవుల రోజు సగంమంది ఆబ్సెంట్ పడుతున్నరు సార్. వాళ్లంతా హాల్లనే..."

"ఏంటి? తలెత్తి మాట్లాడు!"

ఆమె తలెత్తింది. ఆయన ఆమె కళ్లలోకి చూడటం లేదు. కొంచెం కిందికి, పెదవుల వంక చూస్తున్నాడు.

అంతలో ఆయన మోచేతి పక్కనున్న ఫోన్ మోగింది. కర్నల్ ఆమె పెదవుల వంకే చూస్తూ జవాబు కోసం ఎదురుచూస్తున్నాడు. ఫోన్ మళ్లీ మోగింది. ఆయన కనురెప్ప కూడా కదల్లేదు. ఆమె వేలితో ఫోన్ వైపు చూపించింది. ఆయన చూశాడు. దాని మీద వెలిగి ఆరుతున్న ఎర్రలైటు చూశాక రిసీవర్ ఎత్తి, ఎడమచెవికి అదిమిపెట్టుకుని, "హా, బోలో! జోర్ సే బోలో!" అని అరిచాడు. అవతలివాళ్లు రెండోసారి చెబుతుండగా విసుగ్గా పెట్టేశాడు.

ఆయన చేయి రిసీవర్ మీదే ఉండిపోయింది. స్రవంతి చూసిందని ఆయనకు తెలిసింది. ఆయనకు తెలిసిందని ఆమెకూ తెలిసింది.

ఇప్పుడు ఏం మాట్లాడినా తప్పే అనిపించింది ఆమెకు. అయినా వచ్చిన పని మిగిలే ఉంది. ముఖం ఆయనకు ఎదురుగా పెట్టి, ఒక్కొక్క మాటా విడదీసి చెప్పింది.

"ఇశ్రాయేలు అని ఒక హవల్దార్ సార్. నాలుగుసార్లు వచ్చిండు. నేను పిలిచింది వినపడలేదు. నేను ఆబ్సెంట్ రాసిన. ఆయన ఇంటికి పోయి, డాక్టరమ్మ రాలేదని చెప్పిండట."

"అబద్ధం ఎందుకు చెప్పాడు?"

"సిగ్గు సార్."

కర్నల్ రిజిస్టర్ తన వైపు తిప్పుకున్నాడు. ఎర్రటి ఆబ్సెంట్‌ల మీద వేలు పెట్టి ఒక్కొక్కటే కిందికి దిగాడు. పేజీ తిప్పాడు. ఇంకో పేజీ. పేర్ల పక్కన వాళ్ల దళాల పేర్లుంటాయి. ఆర్టిలరీ, ఆర్టిలరీ, ఇంజనీర్స్, ఆర్మర్డ్. ఆర్మర్డ్ దగ్గర వేలు కాసేపు ఆగింది. ఆయన వెనక గోడ మీద, ట్యాంకు పక్కన నిలబడిన పడుచు ఆఫీసరు ఫోటో ఉంది.

"ట్యాంకు లోపల ఉంటే," అన్నాడు ఆయన, రిజిస్టర్‌లోకే చూస్తూ, "మొదటి గుండు పేలాక మూడురోజులు చెవిలో ఈల మోగుతుంది. ఆ తర్వాత పోతుందనుకుంటాం." రిజిస్టర్ మూసి ఆమెకు ఇచ్చాడు. "సంజాయిషీ రాయక్కర్లేదు. వెళ్లు."

రెన్యువల్ సంగతి ఆయన ఎత్తలేదు. గురువారమంతా ఆ గది తలుపు తెరుచుకున్నప్పుడల్లా స్రవంతి తలెత్తి చూసింది. ఇంట్లో భర్త ఏమైందని అడిగితే, "ఏమో, ఫికరైతుంది," అని మాత్రం అంది.

*

శుక్రవారం ఏడున్నరకు జల్‌పల్లిలోని ఇంటి నుంచి వచ్చి కౌంటర్ తాళం తీసేసరికి సొరుగులో రెండు కాగితాలున్నాయి. ఒకటి ఆమె కాంట్రాక్ట్. ఇంకో ఏడాదికి సిఫారసు, కింద నీలం సిరాతో సంతకం. రెండోది నోటీసుబోర్డుకు ఆర్డరు: ఇకనుంచి అన్ని ఓపీలకూ నంబర్ అట్టలు వాడాలి, చెవుల ఓపీ రోజున వ్యాన్ మూడింటికి బయలుదేరాలి, మందుల కిటికీ కూడా అప్పటిదాకా తెరిచి ఉండాలి. స్రవంతి మొదటి కాగితాన్ని రెండుసార్లు చదివి, కుర్చీలో కూర్చుని, బాటిల్ ఎత్తి సగం నీళ్లు ఒక్కగుక్కలో తాగింది.

చీటీలు రాయడం మొదలుపెట్టింది. పద్నాలుగో చీటీ కోసం చాచిన చేతికి ఇస్త్రీ కఫ్, దానికి ఇత్తడి గుండీ. తలెత్తింది. కర్నల్ దీక్షిత్ తన కార్డు పట్టుకుని వరసలో నిలబడి ఉన్నాడు.

"సార్, మీరు నేరుగా లోపలికి..."

ఆయన తల అడ్డంగా ఊపాడు. "నంబర్ ఇవ్వు."

హాల్లోకి ఆయన వెళ్లగానే అక్కడున్న ముసలి సైనికులంతా లేచి నిలబడ్డారు. ఆయన చేత్తో కూర్చోమన్నట్టు సైగ చేసి, చివరి వరసలో ఖాళీగా ఉన్న కుర్చీలో కూర్చున్నాడు. పక్క కుర్చీలో ఇశ్రాయేలు. ఆ పక్కన మాణిక్యమ్మ.

చెవి మిషన్ ఎలా ఉందని స్రవంతి అడిగితే ఇశ్రాయేలు ముఖం చిట్లించాడు. "మస్తు లొల్లి మేడం. ఆటోలు, హారన్లు, పక్కింటోళ్ల టీవీ. గింత లొల్లిల మీరంతా ఎట్ల బతుకుతున్నరు?" కానీ చెయ్యి మిషన్ మీదినుంచి తీయలేదు. గోదాం దగ్గర నిన్న ట్రాలీ ఇంకా మలుపులో ఉండగానే తాను పక్కకు జరిగానని, సేటు చూసి చాయ్ తెప్పించాడని, ఎవరూ అడక్కుండానే చెప్పాడు.

అట్టలు ఒక్కొక్కటీ లేస్తున్నాయి. పద్నాలుగు ఎత్తేసరికి కర్నల్ నేలవంక చూస్తూ కూర్చుని ఉన్నాడు. చీటీ ఉన్న చెయ్యి పిడికిలి బిగిసి ఉంది. స్రవంతి అట్ట ఇంకాస్త పైకెత్తింది. పిలవాలా? పిలిస్తే వినపడదు. ఆ సంగతి హాలు మొత్తానికీ తెలిసిపోతుంది.

ఇశ్రాయేలు చూశాడు. అట్ట చూశాడు, పక్కనున్న పిడికిలి చూశాడు. ఒక హవల్దార్ ఒక కర్నల్‌ను ముట్టుకోవచ్చా అని ఒక్కక్షణం ఆలోచించినట్టున్నాడు. తర్వాత రెండువేళ్లతో ఆయన మోకాలు మీద మెల్లగా తట్టాడు.

"సాబ్. ఆప్‌కా నంబర్."

కర్నల్ తలెత్తాడు. అట్ట చూశాడు. లేచి, చొక్కా కిందికి లాగి సర్దుకుని, రెండడుగులు వేసి ఆగాడు. వెనక్కి తిరిగి ఇశ్రాయేలు చెవి వెనకనున్న మిషన్‌ను చూశాడు.

"నొప్పి పుడుతుందా?"

"లేదు సాబ్," అన్నాడు ఇశ్రాయేలు. "మొదటి రోజు జర భయమైతది."

కర్నల్ తల ఊపి లోపలికి వెళ్లాడు. తలుపు మూసుకుంది. స్రవంతి పదిహేనో నంబర్ అట్ట చేతికి తీసుకుంది.

రెండున్నరకు పని అయిపోయింది. ఇశ్రాయేలుకు ఆ మోడలే రాసిచ్చింది డాక్టరమ్మ. కొత్తది వచ్చేదాకా ట్రయల్ మిషన్ ఆయన దగ్గరే ఉంచుకోమంది, సేటుకు చూపించడానికి కాగితం కూడా ఇచ్చింది. వ్యాన్ మూడింటికి గానీ కదలదు. స్రవంతి వాళ్లను సాగనంపడానికి గేటు దాకా వచ్చింది. ఎండ చురుక్కుమంటోంది. ఆటో కోసం ఇశ్రాయేలు నాలుగడుగులు ముందుకు వెళ్లి రోడ్డు మీద నిలబడ్డాడు. ఆగిన ఆటోను వదిలేసి, వెనక దూరంగా వస్తున్న ఇంకోదాని కోసం చెయ్యి ఊపాడు.

మాణిక్యమ్మ స్రవంతి పక్కన నిలబడి, అలవాటుగా, నోట్లోనే గొణిగింది. "ముసలోనికి ఎప్పుడూ గింతే. కాడికొచ్చినదాన్ని ఇడిసిపెడ్తడు, కానరాని దానికి చెయ్యి ఊపుతడు."

ఇశ్రాయేలు వెనక్కి తిరిగాడు.

"ఎవరు ముసలోడు?"

మాణిక్యమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. కళ్లు ఇంతింతయ్యాయి. "యేసయ్యా," అని గేటు గోడను పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. "ఎనిమిదేండ్ల సంది వినపడదని ఎన్ని తిట్టిననో బిడ్డా. ఇగ నోరు కట్టుకోవాలె."

"ఎన్ని తిట్టినవే?" అన్నాడు ఇశ్రాయేలు, ఆటో ఆపి పట్టుకుని. "ఎక్కు. ఇంటికి పోయేదాక ఒక్కొక్కటి చెప్పు, వింటా."